సిమ్యులేషన్ స్క్రిప్ట్ రాస్తున్న మేనకోడలికి

గ్రీమ్స్‌పేట, చిత్తూరు

పాపా,

నువ్వు తిరుపతి హాస్టల్ నుంచి పంపిన ఎన్ఎస్-2 (నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో కంప్యూటర్లోనే నడిపి చూపే సిమ్యులేటర్) స్క్రిప్ట్ మొత్తం చదివాను. "రన్ అవుతోంది కదా మామా, ఇంకేం మార్చాలి?" అని అడిగావు. మార్చాల్సింది ఉంది.

నీ ప్రయోగం చిన్నదే. ఎడమ పక్క డేటా పంపే నోడ్లు, అంటే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు, నాలుగు, కుడి పక్క అందుకునేవి నాలుగు, మధ్యలో రెండు రౌటర్లు, వాటి మధ్య సెకనుకు 10 మెగాబిట్ల ఇరుకు లింకు. ఇంతే విషయానికి స్క్రిప్ట్ అంత పొడుగు ఎందుకైంది? మొదటి నోడుకు రాసిన లైన్లనే కాపీ చేసి, నంబర్లు మార్చి, మిగతా వాటికి పేస్ట్ చేశావు.

ఆ పేస్ట్‌లో మూడో టీసీపీకి (మూడో నోడు నుంచి డేటా పంపే భాగానికి) విండో పెట్టే లైను జారిపోయింది. విండో అంటే అందినట్టు జవాబు రాకముందే పంపగల ప్యాకెట్ల సంఖ్య. విండో ఎంతో చెప్పకపోతే ఎన్ఎస్-2 దాన్ని 20 ప్యాకెట్లు అనుకుంటుంది, ప్యాకెట్ 1000 బైట్లు అనుకుంటుంది. నీ దారిలోని మూడు లింకుల ఆలస్యం వరుసగా 10, 30, 10 మిల్లీసెకన్లు. పోయి రావడానికి ఎంత లేదన్నా 100 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఆ టీసీపీ ఏం చేసినా సెకనుకు దాదాపు 1.6 మెగాబిట్లు దాటలేదు. సమంగా పంచుకుంటే దాని వాటా 2.5. గ్రాఫులో మూడో గీత కిందికి దిగి ఉంటుంది, నువ్వేమో టీసీపీ సమంగా పంచలేదని థీసిస్‌లో రాసేస్తావు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. నీ గైడుకు కూడా దొరకడం కష్టం. ఒకేలా ఉన్న అన్ని లైన్ల మధ్య లేని లైను ఎవరి కంటికి ఆనుతుంది చెప్పు? నాకు భయమంతా దీని గురించే. టైపింగ్ శ్రమ తగ్గించుకోవడం రెండో సంగతి.

అందుకని నోడ్లను అర్రేలో పెట్టి లూప్ తిప్పు. టీసీపీని, సింక్‌ను (అవతల డేటా అందుకునే భాగం), ఎఫ్‌టీపీని (పంపడానికి డేటా ఇచ్చేది) తగిలించే పనంతా ఒక ప్రొసీజర్‌లో, అంటే పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కలో, పెట్టు. ఎన్ఎస్-2 స్క్రిప్ట్ రాసే భాష టీసీఎల్‌లో బయటి వేరియబుల్ ప్రొసీజర్ లోపల కనబడదు. గ్లోబల్ అని రాస్తే కనబడుతుంది కానీ, కావాల్సినవి ఆర్గ్యుమెంట్లుగా ఇవ్వడమే నాకిష్టం. పిలిచే లైను చదివితేనే ఏమేం వాడుతోందో తెలిసిపోతుంది.

అయితే ఒకేలా కనబడిన ప్రతిదాన్నీ కలిపేయకు. ఎడమ లింకులకూ 10 మిల్లీసెకన్లే, కుడి లింకులకూ 10 మిల్లీసెకన్లే. రెంటికీ ఒకే పేరు పెట్టాలనిపిస్తుంది. వద్దు. రేపు పంపేవాళ్ల దూరం ఒక్కటే పెంచి చూడాలనుకుంటే, ఆ పేరు కుడి పక్కను కూడా లాక్కుపోతుంది. ఇవాళ అంకెలు కలిశాయంతే, అవి చెప్పే సంగతులు వేరు. ఒకటి మారితే రెండోది కూడా తప్పకుండా మారాల్సినప్పుడే ఒక పేరు కింద పెట్టు.

ఒక నోడుకు మాత్రం 80 మిల్లీసెకన్లు కావాలనుకో. లూప్ మధ్యలో 'ఐ విలువ 2 అయితే' అని ఇఫ్ దూర్చొద్దు. ఫైలు పైన నాలుగు ఆలస్యాల లిస్టు రాసి, లూప్‌ను అందులోంచి తీసుకోమను. ఫైలు తెరవగానే తేడా ఎక్కడుందో కనబడాలి. నీ ప్రయోగమంటే ఆ తేడానే కదా.

బ్యాండ్‌విడ్త్ మారినప్పుడల్లా కొత్త ఫైలు చేయడం కూడా మానెయ్. 'న్యూ', 'ఫైనల్', 'ఫైనల్ 2' అని పెట్టుకుంటూ పోతే ఏ గ్రాఫు దేనిదో నెల తర్వాత నీకే అంతుపట్టదు. కమాండ్ లైన్లో ఇచ్చిన విలువ ఆర్గ్‌వీ అనే వేరియబుల్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి తీసుకో. ట్రేస్ ఫైలు (రన్‌లో ప్రతి ప్యాకెట్‌కు ఏం జరిగిందో రాసుకునేది) పేరులో కూడా ఆ విలువ ఉండాలి సుమా, లేకపోతే ప్రతి రన్ ముందుదాన్ని చెరిపేస్తుంది.

మీ సార్ మినీనెట్‌కు (ఒక కంప్యూటర్లోనే నెట్‌వర్క్‌ను నడిపే ఇంకో సాధనం) మారమంటే పైథాన్‌లో ఇదంతా ఇంకా సులువు. యూటా యూనివర్సిటీ వాళ్ల ప్రయోగశాల ఎమ్యులాబ్‌లో టోపాలజీని (ఏ నోడు దేనికి కలుస్తుందో చెప్పే అమరికను) ఈ టీసీఎల్ పద్ధతిలోనే రాయొచ్చు. కాకపోతే అక్కడ నోడ్ అంటే మామూలుగా నిజం మిషనే.

ముందు ఆ విండో లైను పెట్టి, పాత స్క్రిప్ట్‌ను రన్ చేసి, ట్రేస్ దాచుకో. తర్వాతే లూపుల్లోకి మార్చు. సీడ్ (యాదృచ్ఛిక అంకెలకు మొదలు విలువ) కదిలించకపోతే రెండు ట్రేసులూ అక్షరం తేడా లేకుండా రావాలి, రెండు ఫైళ్ల తేడా చూపే డిఫ్ కమాండ్ పెట్టి చూడు. నోడ్ నంబర్లు తయారైన వరుసలోనే పడతాయి కాబట్టి ఆ వరుస మాత్రం మార్చకు. డిఫ్‌లో ఏమైనా కనబడితే ఆ లైన్లు నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామ