నల్లరేగడికి మోడల్ కట్టబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నల్లరేగడి మీద వేసే పునాదుల ప్రవర్తనను కంప్యూటర్‌లో మోడల్ చేయడాన్ని ఎం.టెక్. ప్రాజెక్టుగా తీసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని అడిగావు. అంతకంటే ముందు మట్టిని చూడు.

మట్టి నీటిలో ఎంత ఉబ్బుతుందో చూపే ఫ్రీ స్వెల్ పరీక్షను నీ చేతులతోనే చెయ్యి. ఓవెన్‌లో ఆరబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేసి, ఒకదానిలో కిరోసిన్, రెండోదానిలో డిస్టిల్డ్ వాటర్ పోసి, గాలి బుడగలు పోయేలా కలిపి, 24 గంటలు కదల్చకుండా ఉంచు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలో మాత్రం రేగడిలో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం పొరల నడుమకు నీరు చేరి మట్టం పైకి లేస్తుంది. ఇది సూచిక మాత్రమే. పొడిచేసిన మట్టికి నేలలో ఉన్నప్పటి అమరిక, నెర్రెలు ఉండవు కనుక, మోడల్‌కు కావలసిన విలువలను చెదరని నమూనాను ఉంగరంలో బిగించి, బరువు కింద అది ఎంత కుంగేదీ ఉబ్బేదీ కొలిచే ఈడోమీటర్ పరీక్ష నుంచే తీసుకోవాలి.

నమూనా తీసిన నెలను తప్పక రాసిపెట్టుకో. మే నెలలో నెర్రెలు విచ్చిన నేల నుంచి తీసిన ముద్దకూ, ఆగస్టులో అదే గుంట నుంచి తీసిన ముద్దకూ ఉబ్బే గుణంలో ఎంతో తేడా ఉంటుంది. ఇంటి నడిమి భాగం కింద తేమ దాదాపు నిలకడగా ఉండి, అంచుల దగ్గర ఋతువుతో పాటు మారుతుంది కాబట్టే గోడలు మూలల్లో ముందుగా బీటలిస్తాయి. నీ మోడల్ సరిహద్దుల్లో ఈ తేమ మార్పు కనిపించకపోతే, లెక్క ఎంత సూక్ష్మంగా చేసినా అది నేలను గురించిన లెక్క కాదు.

ఇక మోడల్ ఎంపిక, అంటే మట్టి ప్రవర్తనను లెక్కకట్టే సూత్రాల ఎంపిక. 1968లో రోస్కో, బర్లాండ్ ప్రతిపాదించిన మాడిఫైడ్ కామ్ క్లే మోడల్ పూర్తిగా నీటితో నిండిన బంకమట్టికి ఉద్దేశించినది. దాన్ని నేర్చుకో, అయితే ఎండిన రేగడికి యథాతథంగా అంటగట్టకు. సగం తడిసిన మట్టిలో సూక్ష్మ రంధ్రాలు నీటిని పట్టి ఉంచే సక్షన్‌ను లెక్కలోకి తెచ్చిన బార్సిలోనా మోడల్‌ను అలోన్సో, జెన్స్, హోసా 1990లో ప్రకటించారు. అదికూడా ఉబ్బు తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న మట్టికే ఉద్దేశించినది. బాగా ఉబ్బే మట్టి కోసం దానిని విస్తరించిన రూపం 1999లో వచ్చింది. మీ ల్యాబ్‌లో సక్షన్ కొలిచే సాధనం లేకపోతే, అన్ని విలువలను పుస్తకాల నుంచి ఎరువు తెచ్చుకోవడం కంటే సరళమైన మోడల్‌ను నిజాయితీగా వాడడమే మేలని నా అభిప్రాయం.

పరీక్ష ఫలితాలన్నింటినీ మోడల్ సవరణకే, అంటే దాని విలువలను ఫలితాలకు సరిపోయేలా సర్దడానికే, ఖర్చుపెట్టకు. ఒక బరువు కింద నమూనాను తడిపి చేసిన ఒక పరీక్షను పక్కన దాచి, దాని ఫలితం చూడకుండానే మోడల్ చేత ఉబ్బును లెక్కకట్టించు. ఆ పరీక్ష గీతనూ, మోడల్ గీతనూ ఒకే గ్రాఫ్ మీద గీసి నాకు పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే తాతయ్య