తబలాతో బతకగలడా? ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తున్నాను. మా అబ్బాయి ఎనిమిదో ఏట నుంచి తబలా నేర్చుకుంటున్నాడు. గాంధర్వ మహావిద్యాలయ మండలి పరీక్షల్లో మధ్యమ దాకా వచ్చాడు. టెన్త్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఎంపీసీలో చేరరా అంటే, తబలాయే నా కెరీర్ అంటున్నాడు. లక్షల్లో ఒకడు జాకిర్ హుస్సేన్ అవుతాడు, మిగతావాళ్ళ సంగతేంటి సార్? పైగా ఇప్పుడు ఇంకో దాయా, అంటే కుడిచేతి తబలా, కొనమని పేచీ. కొనాలా?

జవాబు: జాకిర్ హుస్సేన్ పేరెత్తారు కాబట్టి ముందు వాళ్ళ నాన్నగారి సంగతి చెబుతాను. అల్లా రఖా 1919లో జమ్మూ దగ్గర ఒక పల్లెలో పుట్టారు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి, పంజాబ్ ఘరానా (వాదన సంప్రదాయం) ఉస్తాద్ మియాన్ ఖాదిర్ బక్ష్‌కి శిష్యుడయ్యారు. రేడియోలో వాయించారు. బొంబాయి వచ్చాక ఎ.ఆర్. ఖురేషీ పేరుతో సినిమాలకు సంగీతం చేశారు. రవిశంకర్ సితార్ పక్కన కూర్చుని దేశదేశాలు తిరిగారు. 1985లో ముంబైలో సొంతంగా సంగీత పాఠశాల పెట్టారు. అంత పెద్ద విద్వాంసుడు కూడా ఒక్క పనిని నమ్ముకుని కూర్చోలేదు. కొడుకు సంగతీ అంతే. 2024 ఫిబ్రవరిలో ఒకే రాత్రి మూడు గ్రామీలు అందుకున్నారు కదా, ఆ మూడూ ఇతర కళాకారులతో కలిసి వాయించినందుకు వచ్చినవే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తబలా అనగానే మనవాళ్ళకి సోలో కళ్ళముందు కదులుతుంది. మెరుపులా వేళ్ళు, చప్పట్లు. తబలా వాయించేవాళ్ళ ఇల్లు గడిచేది మాత్రం పక్కవాద్యం మీద, పాఠాల మీద. మీ అబ్బాయికి ఈ రెండూ ఇష్టమా కాదా అన్నది ముందు తేలాలి. స్పీడు ఎంత ఉందన్నది తర్వాతి మాట.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. హిందుస్తానీలో ఖయాల్ పాడేవాళ్ళు విలంబిత్ ఏక్‌తాల్, అంటే బాగా నెమ్మదిగా సాగే పన్నెండు మాత్రల తాళం, ఎత్తుకుంటే ఆ పన్నెండు మాత్రలు తిరిగి రావడానికి దాదాపు నిమిషం పడుతుంది. గాయకుడు ఆలాపన చేసుకుంటూ ఎటో వెళ్ళిపోతాడు. వెనకున్నవాడు తొందరపడకుండా, జారకుండా, మధ్యలో తన విద్య చూపించుకోకుండా ఠేకా (తాళం మూల దరువు) పట్టుకుని ఉండాలి. వాళ్ళ గురువుగారిని అడిగి, ఎవరైనా పాడేవాళ్ళ వెనక అరగంట కూర్చోబెట్టించండి. మీకు తాళం తెలియకపోయినా ఫరవాలేదు, పాడినవాళ్ళ మొహం చూస్తే తెలిసిపోతుంది. ఇంటికొచ్చాక "బోర్ కొట్టింది నాన్నా" అన్నాడంటే తబలాని హాబీగా ఉంచుకోమనండి. "సమ్ మీద ఇద్దరం కలిశాం చూశావా" అని (సమ్ అంటే తాళంలో మొదటి మాత్ర) మురిసిపోయాడంటే మాత్రం విషయం సీరియస్‌గా తీసుకోండి.

ఇక మన ఊరి సంగతి. విశాఖ ప్రధానంగా కర్ణాటక సంగీతం ఊరు. కళాభారతి ఆడిటోరియంలో ఏ కచేరీకి వెళ్ళినా వేదిక మీద కనిపించేది ఎక్కువగా మృదంగమే. తబలాకి ఇక్కడ పని దొరికేది లలిత సంగీతం, భజనలు, గజళ్ళు, సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, పెళ్ళి సంగీత్‌ల దగ్గర. దసరా నవరాత్రులు, కార్తీకం, పెళ్ళి ముహూర్తాలు ఉన్నన్నాళ్ళు ఊపిరి సలపదు. ఆషాఢం వస్తే ఫోనే మోగదు. నెల జీతానికి అలవాటుపడ్డ మీలాంటి ఇళ్ళలో టెన్షన్ పెట్టేది ఇదే. ఆ ఖాళీ నెలల్ని ఆదుకునేవి పాఠాలు. ఊళ్ళో పిల్లలతో పాటు, అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అక్కడి సాయంత్రం మనకి తెల్లవారుజాము, కాబట్టి పెందలాడే లేచే అలవాటుండాలి. కాయిదాని (తబలా పాఠంలో ఒక బోల్ రచన) విడగొట్టి, ఏ వేలు ఎక్కడ పడాలో ఇంగ్లీషులో చెప్పగలగాలి. బాగా వాయించే అందరికీ బాగా చెప్పడం రాదు.

చదువు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంటర్ మానేస్తానంటే ఒప్పుకోకండి. బనారస్ హిందూ యూనివర్సిటీ, బరోడాలోని మహారాజా సయాజీరావ్ యూనివర్సిటీ, ఖైరాగఢ్‌లోని ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం వంటి చోట్ల తబలాతో డిగ్రీ ఉంది. దానికి ఇంటర్ ఉండాలి, వాయించి చూపించాలి. గ్రూపు ఏదైనా చేయవచ్చు. అసలు పేచీ గ్రూపుతో కాదు, కాలేజీ వేళలతో. పొద్దున ఏడింటికి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి తిరిగొచ్చే కార్పొరేట్ కాలేజీలో వేస్తే రెండేళ్ళలో చేతిలో ఉన్న సాధన పోతుంది. సాయంత్రం నాలుగింటికి వదిలే కాలేజీ చూడండి. ఎంపీసీయే కావాలని మీకుంటే ఎంపీసీయే చదవనివ్వండి, ఐఐటీ కోచింగ్ మాత్రం వద్దు. రోజుకి రెండు మూడు గంటల రియాజ్ (సాధన), ఆ కోచింగ్ రెండూ ఒక ఒంటితో అయ్యే పని కాదు.

ఈలోగా అదే మండలి పరీక్షల్లో మధ్యమ తర్వాతిదైన విశారద పూర్తి చేయనివ్వండి. అయితే ఆ సర్టిఫికెట్‌ని అన్నిచోట్లా డిగ్రీతో సమానంగా చూడరు. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టుకైనా, పీజీ తర్వాత నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాసి కాలేజీల్లో చేరాలన్నా యూనివర్సిటీ డిగ్రీ ఉంటేనే నిశ్చింత. ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడ్ వస్తే దాంతో బతకలేడు గానీ, నిర్వాహకులు పిలిచేటప్పుడు ఆ మాటకి విలువుంటుంది. సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక శాఖ కింది సంస్థ) వాళ్ళ బాల ప్రతిభ స్కాలర్‌షిప్‌కి మీవాడి వయసు దాటిపోయింది. పద్ధెనిమిది నిండాక కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చేదానికి పెట్టించండి. నెలకి 5,000 చొప్పున రెండేళ్ళు ఇస్తారు, గురువు దగ్గర నేర్చుకోవడానికే.

ఇంకో సంగతి, గురువుగారిని నొప్పించకుండా చేయాల్సింది. ఏదో ఒక దశలో పుణె, ముంబై, కోల్‌కతా వంటి చోట పెద్ద విద్వాంసుల దగ్గరికి వెళ్ళక తప్పదు. ఇక్కడి గురువుగారినే అడగండి, ఎవరి దగ్గరికి పంపమంటారని. ఆయన ఉత్తరం రాసిస్తే ఆ తలుపు వేరేగా తెరుచుకుంటుంది.

రెండో దాయా విషయానికొస్తే, మీవాడు పేచీ పెట్టడంలో న్యాయం ఉంది. దాయాని పాడేవాళ్ళ శ్రుతికి కలపాలి. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగవాళ్ళకి పనికొచ్చే చిన్న మూతి దాయా, ఐదున్నరలో పాడే అమ్మాయికి పనికిరాదు; ఆమెకి దాయా శ్రుతి ఇంకా కిందికి ఉండాలి. సుత్తితో గట్టాలు (పక్కనున్న కొయ్య ముక్కలు) కొట్టి శ్రుతి దింపినా అంత దూరం దిగదు, దిగినా నాదం చచ్చిపోతుంది. ఇద్దరి వెనకా వాయించాలంటే రెండు ఉండాల్సిందే. బాయా (ఎడమచేతిది) మాత్రం ఉన్నది చాలు, సెట్టు మొత్తం కొనక్కర్లేదు. శీషం కర్రది తీసుకోండి, కొనేటప్పుడు గురువుగారు పక్కన ఉండాలి. మన సముద్రపు గాలికి తోలు చెమ్మ పట్టి ఊరికే శ్రుతి దిగిపోతుంది కాబట్టి, వానాకాలంలో గుడ్డ గలేబు వేసి, కిటికీకి దూరంగా పెట్టమనండి.