కుక్క మందు సగం చేస్తే పిల్లి మందు కాదు

ప్రశ్న: మా ఇంట్లో కుక్క, పిల్లి, రెండు కుందేళ్లు ఉన్నాయి. ఏ తేడా వచ్చినా నెట్‌లో చూసి చేసుకుంటాం. కుక్కకు పిడుదుల కోసం మెడ మీద వేసే చుక్కల మందు మిగిలింది. పిల్లికి సగం వెయ్యొచ్చా?
పాఠకురాలు, గుంటూరు

జవాబు: సగం కాదు, చుక్క కూడా వద్దు. ముందు ట్యూబు మీద మందు పేరు చదవండి. పెర్మెత్రిన్ అని ఉంటే అది పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. గంటల్లోనే ఒళ్లు అదరడం, ఫిట్స్ మొదలవుతాయి. పొరపాటున పడితే నాక్కోనివ్వకుండా, గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఆ చోటు కడిగి, తడి తుడిచి, టవల్ చుట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కుక్కకు వేశాక కూడా ఒకట్రెండు రోజులు రెండింటినీ ఒకచోట పడుకోనివ్వకండి.

బరువును బట్టి మోతాదు తగ్గించే లెక్క ఒకే జాతిలో చెల్లుతుంది. జాతి మారితే మందే మారిపోవచ్చు.

ఇక కుందేళ్లు. పెద్ద చిక్కు వీటితోనే, ఎందుకంటే చాలా సైట్లలో సలహాలు కుక్కను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాంతులవుతున్న ఎదిగిన కుక్కకు 12 గంటలు తిండి ఆపమంటారు. కుందేలు అదే 12 గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే ప్రాణం మీదికి వచ్చినట్టే, పేగు కదలిక ఆగిపోతుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తే లేదు కాబట్టి విషం తింటే కక్కించమనే సలహా దానికి పనికిరాదు. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ నోటి ద్వారా పోస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకుంటాయి. పిడుదులకు వాడే ఫిప్రోనిల్ స్ప్రే కూడా వద్దు.

ప్రశ్న: మా కుక్కకు 102 డిగ్రీలు చూపిస్తోంది. పారాసిటమాల్ ఇవ్వొచ్చా?
పాఠకుడు, సిద్దిపేట

జవాబు: అది జ్వరం కాదు. కుక్కకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలే. కోడికైతే 106 కూడా మామూలే. డిజిటల్ థర్మామీటర్ కొనకు వాజిలిన్ రాసి, మలద్వారంలో అంగుళం లోపలికి, పక్క గోడకు ఆనేలా పెట్టండి. పెంట మధ్యలో గుచ్చుకుంటే తక్కువ చూపిస్తుంది. ముక్కు పొడిగా ఉందని జ్వరం అనుకోవడం ఉత్త మాట. పారాసిటమాల్ డాక్టరు చెప్పకుండా కుక్కకు వద్దు. పిల్లికి ఎప్పటికీ వద్దు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరగడం, ముఖం ఉబ్బడం, ఆయాసం దాని గుర్తులు.

ప్రశ్న: అసలు ఏ సైటు నమ్మాలి?
పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎంఎస్‌డి వెటర్నరీ మాన్యువల్ అనే పశువైద్య సైటులో పెంపకందారుల కోసం విడి భాగం ఉంది, ఉచితం. జంతువుల వారీగా విడదీసి ఉంటుంది. ఏది చదివినా మోతాదు కిలోకా పౌండుకా అని చూడండి. కిలోకి చెప్పిన మోతాదును పౌండ్ల బరువుతో గుణిస్తే రెండింతలకు పైగా పడుతుంది. సీసా గాఢత కూడా చూడాలి: నొప్పికి ఇచ్చే మెలోక్సికామ్ ద్రవం మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 1.5 మిల్లీగ్రాములదీ ఉంటుంది. మిల్లీలీటర్లే చూసి పోస్తే మూడింతల తేడా. లక్షణాలు తెలుసుకోవడానికి నెట్ సరే, మోతాదు మాత్రం డాక్టరు దగ్గరే రాయించుకోండి. పాడి పశువులకు, మేకలకు, గొర్రెలకు అయితే రెండు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.