సిమ్లాలో అమ్మతో తిరగాలంటే కారు అవసరమా?

ప్రశ్న: వచ్చే మే నెలలో పిల్లలతోపాటు అమ్మను కూడా సిమ్లా తీసుకువెళ్లాలనుకుంటున్నాము. అమ్మకు 68 ఏళ్లు. మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేరు. ఢిల్లీలోనే కారు మాట్లాడుకుని ఊరంతా అందులో తిరగమని బంధువులు చెబుతున్నారు. అది మంచిదేనా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కారు సంగతి తర్వాత చూడవచ్చు, ముందు బస గురించి ఆలోచించండి. సిమ్లా కొండవాలు మీద అంచెలంచెలుగా కట్టిన ఊరు. పైన దుకాణాల వీధి మాల్ రోడ్డు, దాన్ని ఆనుకుని రిడ్జ్ అనే విశాలమైన మైదానం ఉంటాయి. బస్సులు, టాక్సీలు తిరిగే కార్ట్ రోడ్డు వాటికి బాగా దిగువన ఉంటుంది. మాల్ రోడ్డు మీదికి పర్యాటకుల వాహనాలను రానివ్వరు కనుక, రోజంతటికీ కిరాయి చెల్లించినా కారు మిమ్మల్ని కిందనే దింపుతుంది. హోటల్ ప్రకటనలో ‘మాల్‌కు 200 మీటర్లు’ అని కనబడితే సంతోషించకండి. ఆ 200 మీటర్లూ ఇంద్రకీలాద్రి మెట్లదారిలా నిటారుగా ఉండవచ్చు. గది మాల్ రోడ్డుకు సమమట్టంలో ఉందా, మెట్లు ఎన్ని అని ఫోన్లో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. బస అక్కడ దొరికితే, దుకాణాలు, రిడ్జ్, 1857 నాటి క్రైస్ట్ చర్చి అమ్మగారు మెల్లగా నడిచి చూడగలిగినవే.

కార్ట్ రోడ్డు నుంచి మాల్‌కు పర్యాటక శాఖ లిఫ్టు ఉంది. అది రెండు అంచెలుగా నడుస్తుంది: మొదటి లిఫ్టు దిగి, వంతెన లాంటి దారిలో కొంచెం నడిచి రెండోది ఎక్కాలి. దిగేటప్పుడు కూడా లిఫ్టులోనే దిగండి, ఎందుకంటే నొప్పి ఉన్న మోకాళ్లను ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధిస్తుంది. సామాను కూలీలకు అప్పగించండి. కూలి ముందే మాట్లాడుకోవాలి.

ఢిల్లీ నుంచి ఘాట్ రోడ్డులో కారు ప్రయాణం పిల్లలకు వాంతులు తెప్పించవచ్చు. విజయవాడ నుంచి ఢిల్లీకి నేరుగా రైళ్లున్నాయి. ఢిల్లీ నుంచి శతాబ్దిలో కొండల దిగువనున్న కాల్కా చేరి, అక్కడ సిమ్లా వెళ్లే టాయ్ ట్రైన్ (చిన్న కొండ రైలు) ఎక్కడం నా దృష్టిలో ఉత్తమం. 1903లో మొదలైన ఈ 96 కిలోమీటర్ల మార్గాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయిదారు గంటలు పడుతుంది గాని, వంద దాటిన సొరంగాలను లెక్కపెట్టుకుంటూ పిల్లలు విసుగెరగరు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, మే నెల టికెట్లు త్వరగా అయిపోతాయి.

జాఖూ కొండ మీది గుడిలోని హనుమంతుణ్ణి అమ్మగారు తప్పక చూడాలంటారు. రిడ్జ్ దగ్గరి నుంచి రోప్‌వే ఉంది. పైన కోతులు కళ్లద్దాలు లాక్కుపోతాయి, తీసి సంచిలో పెట్టుకోమనండి. గుర్రాలెక్కి తిరిగే కుఫ్రీ అనే సమీప ప్రాంతం ఆవిడకు వద్దు. ఆ పూట టాక్సీలో వైస్రాయ్ భవనానికి వెళ్లండి. వైస్రాయ్ భారత నాయకులతో జరిపిన 1945 సిమ్లా సమావేశం అక్కడే జరిగింది, సోమవారం సెలవు.