పశ్మీనా ఉన్నికి చాంగ్‌తాంగీ మేక మేలా, చెగూ మేక మేలా?

ఉన్ని దిగుబడిలో లద్దాఖ్‌కు చెందిన చాంగ్‌తాంగీదే పైచేయి. చలిని తట్టుకోవడంలో మాత్రం హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి ప్రాంతపు చెగూ కూడా గట్టిదే, ఉన్ని సన్నదనంలోనూ తీసిపోదు.

పశ్మీనా అంటే మేక ఒంటిమీద పైకి కనిపించే ముతక వెంట్రుకలు కాదు, వాటి అడుగున చలికాలం కోసం పెరిగే మెత్తటి నూగు. ఆ పొర దట్టంగా ఉంటే మేకకు రక్షణ, పెంపకందారుకు రాబడి. అందుకే ఈ రెండు గుణాలూ సాధారణంగా జంటగా కనిపిస్తాయి. ఉదాహరణకు, చాంగ్‌తాంగ్ పీఠభూమి 4,000 మీటర్లకు పైన ఉంటుంది. శీతాకాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకూ పడిపోతుంది. అక్కడి మేకను చలి తగ్గాక దువ్వితే ఏడాదికి సుమారు 200 గ్రాముల నూగు వస్తుంది, పోగు మందం 12 నుంచి 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చెగూ ఇచ్చేది అంతకంటే తక్కువే.

చలి ముదిరితే ఏ మేకకైనా పశ్మీనా వస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నూగు మొలవడానికి ప్రధాన సంకేతం చలి కాదు, పగటి పొద్దు తగ్గడం. ఎంత మొలవాలన్నది జాతి లక్షణం. మైదానపు మేకను మంచుకొండకు తోలుకుపోతే ఉన్ని రాదు సరికదా, మేకే దక్కకపోవచ్చు.