కాపెస్టెర్‌లో కొన్నాళ్ళు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కరీబియన్ ద్వీపమైన గ్వాడెలూప్‌లో కాపెస్టెర్-బెల్-ఓ అనే చిన్న తీరపు ఊరి గురించి కిందటి నెల ఈ శీర్షికలో ఒక పేరా రాశాను. ఆ ఊళ్ళో నేను పదకొండు రోజులు ఉన్నాను. ఆ నాలుగు మాటలు చదివి గోదావరి జిల్లాల నుంచీ, యానాం నుంచీ చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ చలికాలం మేమిద్దరం వాడి దగ్గరకు వెళ్ళి, అక్కడి నుంచి మీరు రాసిన ఊరు చూసి రావాలని అనుకుంటున్నాము. ఏ నెలలో వెళ్ళాలి, ఎన్నాళ్ళు ఉండాలి, చూడవలసినవి ఏమిటి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మా, ముందుగా వీసా సంగతి చూసుకోండి. గ్వాడెలూప్ ఫ్రాన్స్ దేశంలో భాగమే, అక్కడ చెల్లేది యూరోలే. అయినా అది షెంగెన్ ప్రాంతంలోకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలోకి రాదు. పారిస్ వెళ్ళడానికి మీరు తీసుకునే మామూలు షెంగెన్ వీసా అక్కడ దిగడానికి సరిపోదు కనుక, దరఖాస్తు పెట్టేటప్పుడే గ్వాడెలూప్ ప్రయాణం కూడా ఉందని చెప్పి, వీసా దానికి కూడా వర్తించేలా అడిగి తీసుకోవాలి. పారిస్ నుంచి విమానంలో ఎనిమిది, తొమ్మిది గంటల ప్రయాణం. మన గడియారానికి అక్కడి గడియారం తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది.

డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి. జూన్ నుంచి నవంబరు వరకు అక్కడ తుపానుల కాలం. 1996 నవంబరు నాటి రాత్రి కోనసీమలో ఎవరి మనసులో ఎలా ఉండిపోయిందో, 1928 సెప్టెంబరు తుపాను, 1989లో వచ్చిన హ్యూగో తుపాను అక్కడి ఇళ్ళలో అలాగే మాటల్లోకి వస్తుంటాయి.

గ్వాడెలూప్ పటంలో రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కనిపిస్తుంది. ఒక రెక్క చదునైన నేల, రెండో రెక్క కొండలు, అడవి. రెండింటినీ విడదీసే సన్నని ఉప్పునీటి పాయను వాళ్ళు రివియేర్ సాలే అంటారు. ఆ మాటకు అర్థం ఉప్పుటేరు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే మన ఉప్పుటేరు పేరు అంత దూరాన ఒక పలక మీద చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఆ పాయ మీది వంతెన దాటి కొండల వైపు రెక్కలోకి వచ్చి, తీరం వెంట దక్షిణానికి వెళితే కాపెస్టెర్ వస్తుంది. ఒకవైపు 1,467 మీటర్ల లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం, మరోవైపు అట్లాంటిక్ సముద్రం, మధ్యనున్న వాలులో అరటితోటలు. కాపెస్టెర్ అంటే గాలి వచ్చే వైపున ఉన్న నేల అని నావికుల మాట. బెల్-ఓ అంటే చక్కని నీరు. కొండ మీద కురిసిన వానంతా ఊరి చుట్టుపక్కల ఏరులై దిగుతుంది కనుక ఆ పేరు ఊరికి బాగా తగింది.

ద్వీపమంతా నాలుగు రోజుల్లో చుట్టబెట్టే పథకాల జోలికి వెళ్ళకుండా ఈ ఒక్క ఊళ్ళోనే కనీసం వారం రోజులు కుదురుగా ఉండండి. మొదటి రెండు రోజులూ ఇక్కడ చూడటానికి ఏముందని అనిపిస్తుంది. నాలుగో రోజుకు రొట్టెల కొట్టులో ఆమె మీరు అడగకుండానే మీకు కావలసింది తీసి చేతికిస్తుంది. ఏ కొట్టులో అడుగుపెట్టినా, బస్సు ఎక్కినా ముందు ‘బోన్‌జూర్’ అనండి. ఆ పలకరింపు లేకుండా వస్తువు ధర అడగడం అక్కడ అమర్యాద. మన పల్లెల్లో గుమ్మంలోకి వచ్చిన మనిషి మంచీ చెడూ అడగకుండా పని సంగతి మొదలుపెడితే ఎలా ఉంటుందో అలాగే అన్నమాట. ఆదివారం కొట్లు చాలావరకు మూసి ఉంటాయి, బస్సులు దాదాపు ఉండవు. సరుకుల్లో ఎక్కువ భాగం ఓడల మీద ఫ్రాన్స్ నుంచి రావలసినవే కనుక ధరలు పారిస్ కన్నా ఎక్కువగానే ఉంటాయి. శనివారమే కూరగాయలు తెచ్చుకుని వంటకు వీలున్న గదిలో దిగితే ఖర్చు కలిసివస్తుంది.

చూడవలసిన వాటిలో కార్బే జలపాతాలు ముఖ్యమైనవి. మూడింటిలో రెండోది 110 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, దాన్ని చూసే చోటికి అడవిలో మంచి బాట ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా మెల్లగా నడిచి చేరుకోగలరు. కొండ మీద వాన పడితే ఏరు ఉన్నట్టుండి పొంగుతుంది కనుక మబ్బు పట్టిన రోజున నీళ్ళలోకి దిగకండి. ఊరి చివర రోడ్డుకు రెండు వైపులా కిలోమీటరుకు పైగా బారులు తీరిన రాయల్ పామ్ చెట్ల దారి ఉంది, సాయంత్రం నడకకు బాగుంటుంది. వీటన్నిటికన్నా నాకు ఎక్కువగా గుర్తున్నది ఒక ఉదయం రేవు దగ్గర విన్న శంఖం. కొన కోసిన పెద్ద శంఖాన్ని, లోపలంతా గులాబి రంగు, ఒక ముసలాయన రెండు చేతులా ఎత్తి పట్టి మూడుసార్లు ఊదాడు. గుడి ఎక్కడుందా అని నేను చుట్టూ చూశాను. పడవలు వచ్చాయి, చేపలు దిగాయని ఊరికి కబురు చేసే పాత పద్ధతి అది. రెండు నిమిషాల్లో గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు వచ్చేశారు.

ప్రశ్న: పందొమ్మిదో శతాబ్దంలో మన తీరం నుంచి ఫ్రెంచివారి చెరకు తోటలకు కూలీలను తీసుకువెళ్ళారని పెద్దలు చెప్పగా విన్నాను. గ్వాడెలూప్‌లో తెలుగువారి సంతతి ఉన్నదా? వెళితే మనవాళ్ళను గుర్తుపట్టగలమా?
– ఒక ఉపాధ్యాయుడు, యానాం

జవాబు: మాస్టారూ, మీరు విన్నది నిజమే. ఫ్రెంచి ద్వీపాలలో 1848లో బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు చవకగా పనిచేసే మనుషులు కావలసి వచ్చి, ఐదేళ్ళ ఒప్పందాల మీద మన దేశం నుంచి కూలీలను రప్పించుకున్నారు. గ్వాడెలూప్‌కు మొదటి ఓడ ‘ఒరెలీ’ పుదుచ్చేరి నుంచి బయలుదేరి 1854 డిసెంబరు చివరలో చేరింది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి రెండేళ్ళే అయింది. 1889 వరకు సుమారు 42,000 మందిని తీసుకువెళ్ళారు. తిరిగి వచ్చినవారు పదివేల లోపే. మిగిలినవారిలో చాలామంది అక్కడే జబ్బులతోనూ, చాకిరీతోనూ చనిపోయారు. బతికినవారి పిల్లలు అక్కడే మనుషులయ్యారు.

వీరిలో ఎక్కువమంది తమిళులు. తెలుగువారు తక్కువ, కలకత్తా రేవు నుంచి వెళ్ళిన ఉత్తరాదివారు మరికొందరు. యానాం నుంచి తెలుగువారు ఎక్కువగా వెళ్ళింది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్‌కు, అదీ ఇంకా ముందు, 1820ల చివరలోనే. అందుచేత కాపెస్టెర్‌లో తెలుగు మాట వినబడుతుందని ఆశ పెట్టుకోవద్దు. అక్కడివారు మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి. తమిళం కూడా పూజల్లోని పాటలకే పరిమితమైంది. తాతలు పాడగా విని నేర్చుకున్న ధ్వనులు అవి.

ఊరికి కొంచెం ఉత్తరాన, పెద్ద రోడ్డు పక్కనే షాంజీ అనే చోట రంగురంగుల విగ్రహాలతో ఒక గుడి ఉంది. అమ్మవారిని వాళ్ళు ‘మాలియెమెన్’ అంటారు, మారియమ్మన్ అన్న పేరే అది. తమిళ పల్లెల్లో కొలిచే మదురై వీరన్ ‘మాల్దెవిలెన్’ అయ్యాడు. సముద్రం మీద పోయేవారిని కాపాడతాడని నాగూరు మీరాసాహెబుకు జెండా కొయ్య ఎత్తుతారు. అమ్మవారికి మొక్కులు చెల్లించి మేకను ఇవ్వడం ఉంది, పసుపు, వేపాకు ఉన్నాయి. మన ఊరి జాతరలు చూసిన కళ్ళకు అక్కడ కొత్తదేమీ కనబడదు.

ఆ గుడిలో నేను చేసిన తప్పు మీకు చెప్పాలి. దీపపు కుందిని చింతపండుతో తోముతున్న ఒక ముసలామె నన్ను పలకరించి, దేవతల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది. ‘మాలియెమెన్’ అనగానే నేను ఆగలేక, అది అలా కాదు, మారియమ్మన్ అనాలి అన్నాను. ఆమె తోముతున్న చేయి ఆపి, “మా నాన్నమ్మ నాకు ఇలాగే నేర్పింది” అని ఫ్రెంచిలో నెమ్మదిగా అని, మళ్ళీ తోముకోసాగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చదువు చెప్పేవారు లేక, ఉత్తరం రాసే దిక్కు లేక, నూట డెబ్బై ఏళ్ళుగా ఒక పేరును నోటి నుంచి నోటికి అందించుకుంటూ వచ్చినవాళ్ళకు దాన్ని దిద్దే హక్కు నాకు ఎక్కడిది? మర్నాడు వెళ్ళి క్షమించమని అడిగాను. ఆమె ఒక కుంది నా చేతికిచ్చి తోమమంది.

అందుకే మనవాళ్ళను గుర్తుపట్టడానికి వెళ్ళకండి, అతిథిగా వెళ్ళండి. మీ కులమేమిటి, మీ మూలమెక్కడ అని ఆరా తీయకండి. వాళ్ళు గ్వాడెలూప్ వాళ్ళు. ఆ మాట చెప్పుకునే హక్కు కోసం ఎంతో పెనుగులాడారు. అదే కాపెస్టెర్‌లో 1863లో పుట్టిన ఆంరి సిదంబరోం, భారతీయుల సంతతికి ఓటు హక్కు లేదన్నందుకు 1904లో మొదలుపెట్టి దాదాపు ఇరవై ఏళ్ళు పోరాడితే, 1923లో వారికి ఫ్రెంచి పౌరసత్వపు హక్కులు దక్కాయి. యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాల మధ్య పెరిగిన మీకు ఈ కాగితాల విలువ నేను వివరించనక్కరలేదు. తమంతట తామే అడిగితే మాత్రం గోదావరి గురించి చెప్పండి. నన్ను చాలామంది అడిగారు.

ప్రశ్న: మాది అరటి సాగు. అక్కడి తోటలు ఎలా ఉంటాయి? చూడనిస్తారా?
– ఒక రైతు, రావులపాలెం

జవాబు: చూడనిస్తారు, ముందుగా అడిగితే. గెల వేయగానే నీలం రంగు ప్లాస్టిక్ సంచి తొడుగుతారు కనుక దూరం నుంచి తోటంతా నీలి బుడగలు వేలాడుతున్నట్టు ఉంటుంది. మన చక్కెరకేళి, కర్పూర రకాలు కనబడవు. ఎగుమతికి పెంచేది కావెండిష్.

అయితే మీరు తెలుసుకోవలసింది ఆ నేల సంగతి. అరటి దుంపను తొలిచే ముక్కుపురుగును చంపడానికి 1972 నుంచి 1993 వరకు ఆ తోటల్లో క్లోర్‌డెకోన్ అనే మందు వాడారు. ఫ్రాన్స్‌లో దాన్ని 1990లోనే నిషేధించినా, ఈ ద్వీపాలకు మాత్రం మినహాయింపు ఇచ్చి మరో మూడేళ్ళు చల్లనిచ్చారు. అది మట్టిని పట్టుకుని వందల ఏళ్ళు ఉండిపోయే విషం. అరటి పండులోకి ఎక్కదు గాని చేమ, పెండలం వంటి దుంపల్లోకి ఎక్కుతుంది. వానతో ఏళ్ళలోకి, ఏళ్ళ నుంచి సముద్రపు ఒడ్డుకు దిగుతుంది. కాపెస్టెర్ చుట్టుపక్కల ఏళ్ళలో చేపలు, రొయ్యలు పట్టడాన్ని అందుకే నిషేధించారు. యాత్రికులుగా మీరు చేయవలసింది ఒకటే: ఎవరో ఏట్లో పట్టి రోడ్డు పక్కన అమ్మే రొయ్యలను కొనవద్దు, దుంపలు అంగడిలో ఎక్కడ పండించారో అడిగి కొనండి.

నాకు తోట చూపించిన రైతు తన ఇంటి వెనక చేమమడి వైపు చెయ్యి చూపి, అందులో పండింది పిల్లలకు పెట్టడం మానేశానన్నాడు. మీ తోటకు మందు కొనేటప్పుడు డబ్బా మీది పేరు ఒకసారి చదవండని నేను చెప్పడం అతని తరఫున అనుకోండి.

ప్రశ్న: మేము శాకాహారులం. పది రోజులు గడుస్తాయా?
– ఒక దంపతులు, రాజోలు

జవాబు: వండుకుంటే గడుస్తాయి. సీమపనస, పచ్చి అరటి, గుమ్మడి, బెంగుళూరు వంకాయ అంగడిలో ఎప్పుడూ ఉంటాయి. హోటల్లో మాత్రం ఎర్ర చిక్కుడు గింజల కూరలో కూడా పంది మాంసం ముక్క వేస్తారు కనుక అడిగి తినండి. ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, పసుపు కలిపి కొట్టిన పొడిని ‘కొలంబో’ అంటారు. తమిళుల కుళంబు మాటే అలా మారిందని చెబుతారు. మామూలుగా దాన్ని మేకమాంసంలో వేస్తారు గాని, పచ్చి అరటికాయకు పట్టించి చూడండి, ఇంటి వంట తిన్నట్టే ఉంటుంది. కారం అందులో తక్కువ, విడిగా ఇస్తారు. ఆ మిరపకాయ చూడటానికి చిన్నగా, గుండ్రంగా ముద్దుగా ఉంటుంది. గుంటూరు కారానికి అలవాటుపడిన నాలుక కూడా గోరంత ముక్కతో ఆగడం మంచిది.

ప్రశ్న: సముద్ర స్నానం చేయవచ్చా?
– ఒక పాఠకుడు, అంతర్వేది

జవాబు: ఊరి ముందున్న సముద్రంలో వద్దు. అది గాలి వైపు తీరం, అలలు బలంగా ఉంటాయి, లోపలికి లాగుతాయి. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నీటి ఉరవడి చూసి పెరిగిన మీకు ఇంతకన్నా చెప్పనక్కరలేదు. పైగా 2011 నుంచి సార్గాసం అనే గోధుమరంగు నాచు రాశులు రాశులుగా ఆ తీరానికి కొట్టుకువస్తోంది. అది కుళ్ళితే కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది, ఆ గాలి ఎక్కువసేపు పీల్చడం మంచిది కాదు, ఉబ్బసం ఉన్నవారికి మరీను. స్నానానికి కొండకు అటువైపున ఉన్న పడమటి తీరానికి వెళ్ళండి, అక్కడ నీరు నిలకడగా ఉంటుంది.

ఒడ్డున నీడ కోసం చెట్టు వెతుక్కునేటప్పుడు మొదలు చూడండి. మొదలు చుట్టూ ఎర్ర రంగు పట్టీ వేసి ఉంటే అది మాన్సెనిల్యే చెట్టు. ఆకులు నిగనిగలాడుతుంటాయి, కాయ చిన్న యాపిల్ పిందెలా పసుపుపచ్చగా కమ్మని వాసనతో ఉంటుంది, కొరికితే నోరు, గొంతు బొబ్బలెక్కి ప్రాణం మీదికి వస్తుంది. పాలు తగిలితే చర్మం కాలుతుంది. పిల్లలను తీసుకువెళుతుంటే కింద పడిన కాయలు ఏరనివ్వకండి. వాన మొదలైతే తడిసినా ఫరవాలేదు గాని ఆ చెట్టు కింద మాత్రం నిలబడకండి, ఆకుల మీద నుంచి జారిన నీటికే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది.