అనలిస్టు నోరు కట్టేసిన నిబంధన

“అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జట్లకు హెడ్ కోచ్ కాక పదిమంది అసిస్టెంట్ కోచ్‌లు ఉండగా, మైదానం బయట కూర్చునే ఇంతమంది అనలిస్టులు ఎందుకు?” అన్నది ప్రశ్న. ఎం.ఎస్. చదివే రోజుల్లో ఒక విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ విభాగపు వీడియో గదిలో క్యాంపస్ ఉద్యోగం చేశాను కనుక, నా సమాధానం సూటిగా చెబుతాను. వారు అదనపు సిబ్బంది కారు. ప్రత్యర్థిని అందరికంటే ముందు, అందరికంటే లోతుగా చదివేది వారే.

కోచ్‌లు ఈ శనివారపు మ్యాచ్‌తో సతమతమవుతూ ఉండగా, అనలిస్టు వచ్చే శనివారపు ప్రత్యర్థి ఫిల్మ్ ముందు కూర్చుంటాడు. ప్రతి ప్లేకూ, అంటే ఒక్కో ఎత్తుగడకూ, అది ఎన్నో డౌన్ (పది గజాలు సాగడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి మైదానం మధ్యనుండే ఏ హ్యాష్ గీత దగ్గర ఉంది, అడ్డుకోవడం, పాస్ అందుకోవడం రెండూ చేసే టైట్ ఎండ్‌లు ఎందరు, స్నాప్‌కు, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడానికి, ముందు ఎవరు కదిలారు, చివరకు పరుగు తీశారా పాస్ విసిరారా అన్నవన్నీ నమోదు కావాలి. ఆ నమోదులో కొంత నా చేతుల మీదుగానే జరిగేది.

నేను పనిచేసిన గదిలో ఒక పెద్దాయన ఉండేవారు. ఒకప్పుడు మరో జట్టుకు డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా, అంటే రక్షణ వ్యూహం నడిపే కోచ్‌గా చేసి, ఉద్యోగం పోయాక అనలిస్టుగా వచ్చిన మనిషి. ఒక రాత్రి ఆయన మైదానం కొసనుండే ఎండ్ జోన్ వెనుక నుంచి తీసిన క్లిప్పులను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూస్తూ నన్ను పిలిచి, ప్రత్యర్థి జట్టు కుడి టాకిల్ (తమ క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేందుకు ముందు వరుసలో కుడివైపు నిలిచే ఆటగాడు) చేతిని చూడమన్నారు. పరుగు ప్లే అయితే అతని బరువంతా నేలకు ఆనిన వేళ్ల మీద ఉండి గోళ్లు తెల్లబడేవి. పాస్ అయితే వేళ్లు నేలను తాకీ తాకనట్టుండి, బరువు మడమల మీదికి జారేది. ఒకసారి చూపించాక ఆ తేడా నాకు ప్రతి క్లిప్పులోనూ కనిపించింది.

అయితే ఆ సంగతిని ఆయన మా ఆటగాడికి స్వయంగా చెప్పడానికి వీల్లేదు. అమెరికా కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ సంస్థ అప్పటి నిబంధనల ప్రకారం ఆటగాళ్లకు మెళకువలు నేర్పే అధికారం హెడ్ కోచ్‌కు, అసిస్టెంట్ కోచ్‌లకు, పరిమిత సంఖ్యలో ఉండే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లకు మాత్రమే ఉండేది. బుధవారం ప్రాక్టీసులో, ఆ టాకిల్‌ను ఎదుర్కోవలసిన మా డిఫెన్సివ్ ఎండ్ ఎదురుగానే ఉన్నా ఆయన గీత అవతల చేతులు కట్టుకుని నిలబడ్డారు. విషయాన్ని ఆ స్థానపు ఆటగాళ్లను చూసుకునే పొజిషన్ కోచ్‌కు చెప్పారు. ఆ కోచ్ వంద పనుల మధ్య దాన్ని ఒక్క వాక్యంలో కుర్రాడికి అందించారు. శనివారం మూడో క్వార్టర్‌లో, మూడో డౌన్‌కు రెండు గజాలు కావలసిన చోట, స్టేడియం పైన ఎండ్ జోన్ కెమెరా పట్టుకున్న నాకు లెన్సులో ఆ టాకిల్ వేళ్లు తేలికగా ఆనడం స్పష్టంగా కనిపించింది. మా కుర్రాడు మాత్రం పరుగే అనుకుని లోపలికి దూసుకుపోయాడు, పాస్‌లు విసిరే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ తీరిగ్గా వెనక్కి జరిగి బంతిని టచ్‌డౌన్‌కు విసిరాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. కనిపెట్టిన మనిషికే ఐదు నిమిషాలు నేర్పే అవకాశం ఉండి ఉంటే గెలిచేవాళ్లమని నేను ఈ రోజుకూ గట్టిగా నమ్ముతాను.

అనలిస్టుల విలువను బాగా గ్రహించినది అలబామా విశ్వవిద్యాలయ జట్టుకు అప్పటి హెడ్ కోచ్ నిక్ సేబన్. 2016లో అక్కడ అనలిస్టుగా చేరిన స్టీవ్ సార్కీసియన్, అఫెన్స్ వ్యూహం నడిపే కోచ్ లేన్ కిఫిన్ వెళ్లిపోవడంతో, 2017 జనవరిలో క్లెమ్సన్‌తో జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఏ ప్లే ఆడాలో ఏకంగా తానే నిర్ణయించారు. అలబామా 35–31తో ఓడినా, గదిలో కూర్చున్న మనిషి వారం రోజుల్లో అంత బరువు ఎత్తుకోగలిగాడంటే అప్పటిదాకా అక్కడ జరిగినది గుమాస్తా పని కాదని అర్థం. టీవీ వ్యాఖ్యాతలు మాత్రం హెడ్ కోచ్ ముఖం చూపించి “ఎంత గొప్ప వ్యూహం” అంటారే తప్ప, ఆ వ్యూహం ఏ గదిలో పుట్టిందో ఒక్క మాట కూడా చెప్పరు.

జీతాల విషయంలో నాకు ఇంకా కోపం. టెనెసీ విశ్వవిద్యాలయం హెడ్ కోచ్ పదవి నుంచి తొలగించిన బుచ్ జోన్స్ 2018లో అలబామాలో అనలిస్టుగా చేరినప్పుడు ఆయన జీతం ఏడాదికి సుమారు 35 వేల డాలర్లని వార్తలు వచ్చాయి. పాత విశ్వవిద్యాలయం ఆయనకు 80 లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసి ఉంది; ఇటువంటి ఒప్పందాల్లో కొత్తచోట సంపాదించినంతా సాధారణంగా ఆ బాకీలోంచి తగ్గిపోతుంది కనుక, కొత్త జీతం ఎంత తక్కువైనా ఆ స్థాయి కోచ్‌కు నష్టం లేదు. ఆ పక్క కుర్చీలో ఏ బాకీలూ రాని పాతికేళ్ల యువకుడు కూర్చుంటాడు, అతనికీ అదే రకమైన జీతం చూపిస్తారు.

2023లో మిషిగన్ విశ్వవిద్యాలయ జట్టు సిబ్బందిలో ఒకరు ప్రత్యర్థుల మ్యాచ్‌లకు మనుషులను పంపి, కోచ్‌లు ఆటగాళ్లకు చేసే సైగలను చిత్రీకరించిన వ్యవహారం బయటపడ్డాక, అనలిస్టుల పనంతా దొంగచూపులేనని అనుకునేవారు పెరిగారు. ప్రత్యర్థి మ్యాచ్‌కు మనిషిని పంపి పరిశీలించడం 1994 నుంచే నిషిద్ధం. మా గదిలో చూసినదంతా జట్లు పరస్పరం ఇచ్చిపుచ్చుకునే ఫిల్మే. ఆ టాకిల్ వేళ్లు కనిపెట్టడానికి కావలసింది ఓపిక మాత్రమే.

అనలిస్టులు ఆటగాళ్లకు నేర్పరాదన్న నిబంధనను 2024 జూన్‌లో ఎన్‌సీఏఏ ఎత్తివేసింది. ఇప్పుడు అనలిస్టులు ప్రాక్టీసులోనూ మ్యాచ్‌లోనూ ఆటగాళ్లకు నేరుగా నేర్పవచ్చు. క్యాంపస్ బయటికి వెళ్లి కొత్త ఆటగాళ్లను రిక్రూట్ చేసేవారి సంఖ్యపై పరిమితి మాత్రం అలాగే ఉంది, అది ఉండాలి కూడా. ఇక ఎంతమంది అవసరమంటే, నా లెక్కలో అఫెన్స్‌కు ఇద్దరు, డిఫెన్స్‌కు ఇద్దరు, బంతిని తన్నే సందర్భాల్లో ఆడే స్పెషల్ టీమ్స్‌కు ఒకరు, మన జట్టు అలవాట్లనే ప్రత్యర్థి కళ్లతో చూసి తప్పులు పట్టడానికి మరొకరు కనీసం ఉండాలి. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా ఆదాయంలో వాటా ఇస్తున్నాయి కనుక ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి తప్పదు. ఆ కోత రిక్రూట్‌మెంట్ ఆర్భాటాల నుంచి మొదలుపెట్టాలి గానీ ఈ ఆరుగురి నుంచి కాదు.